మంచు పెరుగు – పోషక విలువ, వడ్డించు పద్ధతి

తెలుగువారి భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది. హైదరాబాదు ముస్లిం గృహాలలో విందు భోజనం మీఠాతో ముగుస్తుంది. పెరుగు చల్లదనాన్ని, మీఠా తీపిని ఒకే గిన్నెలో చేర్చిన ఆధునిక పదార్థం ఫ్రోజెన్ యోగర్ట్. దీనిని తెలుగులో మంచు పెరుగు అనవచ్చు. అమెరికాలో 1970 దశకంలో వ్యాపించి, నేడు మన నగరాలలో సైతం లభిస్తున్న ఈ పదార్థాన్ని కొందరు ఆరోగ్యప్రదమని నిస్సంకోచంగా భుజిస్తున్నారు. ఈ నమ్మకంలో నిజమెంతో పరిశీలించడం విద్యార్థులకు ఉపయుక్తమని భావిస్తున్నాను.

యోగర్ట్ అను పదం తుర్కీ భాషకు చెందినది. బల్గేరియా దేశీయుడైన స్టామెన్ గ్రిగొరోవ్ 1905లో పెరుగును తోడుకొనజేసే ఒక సూక్ష్మజీవిని గుర్తించాడు. నోబెల్ బహుమతి గ్రహీత మెచ్నికోవ్ పెరుగునకు, దీర్ఘాయువునకు సంబంధమున్నదని ప్రచారం చేశాడు. పెరుగునకు గల ఈ కీర్తియే మంచు పెరుగునకు సంక్రమించినది. అయితే పెరుగు మంచు పెరుగుగా మారునప్పుడు అందులో ఏమి చేరుతున్నదో గమనించాలి.

కేవలం పెరుగును శీతల యంత్రంలో ఉంచితే అది రాయివలె గట్టిపడి, నాలుకకు మంచు పలుకులు తగులుతాయి. చక్కెర కలిపినపుడు అందులోని నీరు పూర్తిగా గడ్డకట్టదు. గడ్డకట్టుచున్నంతసేపు చిలకడం వలన మంచు పలుకులు చిన్నవై, గాలి చేరి, పదార్థం మృదువవుతుంది. అంతేగాక, అతి చల్లని పదార్థంలోని తీపిని నాలుక తక్కువగా గ్రహిస్తుంది. కనుక చక్కెర మరింత వేయవలసి వస్తుంది. అనగా ఇందులో చక్కెర రుచికే గాక, నిర్మాణానికి కూడా ఆధారమన్నమాట.

ఇక అంకెలను చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల వెనిలా ఐస్‌క్రీములో సుమారు 207 కేలరీల శక్తి, 11 గ్రాముల కొవ్వు ఉంటాయి. అంతే బరువు గల వెనిలా మంచు పెరుగులో సుమారు 159 కేలరీలు, 5.6 గ్రాముల కొవ్వు ఉంటాయి. మాంసకృత్తులు, కాల్షియం మంచు పెరుగులోనే స్వల్పంగా అధికం. కాని పిండి పదార్థాలు మాత్రం రెండింటిలోను సుమారు 24 గ్రాములే. వీటిలో అధిక భాగం చక్కెరయే. కొవ్వు సగమైనది గాని తీపి తగ్గలేదు. దినమునకు 2000 కేలరీలు భుజించే వ్యక్తి కలిపిన చక్కెరను 50 గ్రాములు మించనీయరాదని, 25 గ్రాములకు పరిమితం చేయడం మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్లు 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తెలిపింది. కనుక ఈ విషయం ప్రతి కుటుంబానికి సంబంధించినదే.

సూక్ష్మజీవుల మాటేమిటి? శీతలీకరణ వాటినన్నింటిని చంపదు. కొన్ని నశించగా, తక్కినవి నిద్రాణస్థితిలో ఉంటాయి. కాని తోడుకొన్న పిదప వేడిచేసి తయారుచేసిన రకాలలో అవి మిగలవు. కావున మంచు పెరుగును ఔషధంగా గాక, ఒక మిఠాయిగా భావించడమే సమంజసం.

మిఠాయి అయినంత మాత్రాన త్యజించనవసరం లేదు. దాని మంచి చెడ్డలు వడ్డించు తీరుపై ఆధారపడి ఉంటాయి. అర కప్పు, అనగా సుమారు 70 గ్రాములు, ఒకరికి చాలును. గ్రాహకులే పాత్ర నింపుకొని తూకం ప్రకారం ధర చెల్లించే దుకాణాలలో పెద్ద పాత్రయే మొదటి ప్రమాదం; పైన చల్లుకొనే చాక్లెట్ ముక్కలు, తీపి పాకాలు రెండవ ప్రమాదం. వాటికి బదులు దానిమ్మ గింజలు, మామిడి లేక సీతాఫలపు గుజ్జు, నాలుగు బాదం పలుకులు చాలును. ఖుబానీ కా మీఠాపై ఐస్‌క్రీమునకు బదులు ఒక చెంచాడు మంచు పెరుగు వేసినచో, దాని పులుపు ఖుబానీ తీపికి చక్కగా జతపడుతుంది. వడ్డించుటకు ఐదు పది నిమిషాలు ముందుగా వెలుపల ఉంచితే మృదువై రుచి తెలుస్తుంది. మధుమేహం కలవారు ఇందలి చక్కెరను తమ దినసరి లెక్కలో చేర్చుకోవాలి.

కొన్ని రకాలలో చిక్కదనం కొరకు జెలటిన్ కలుపుతారు. అది జంతు సంబంధమైనది. కావున శాకాహారులు, హలాల్ నియమం పాటించేవారు పెట్టెపై ముద్రించిన వివరాలు చదవడం అవసరం.

ఇంట తయారుచేయడం కష్టం కాదు. కమ్మని పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి, చల్లని చోట మూడు నాలుగు గంటలు వ్రేలాడదీయాలి. కారిన నీటిని పారబోయక చపాతీ పిండిలో కలుపుకోవచ్చు. గట్టి పెరుగులో బాగా మగ్గిన పండ్ల గుజ్జు, కొద్దిపాటి చక్కెర కలిపి శీతల యంత్రంలో ఉంచి, అరగంటకొకసారి చొప్పున నాలుగైదు సార్లు బాగుగా కలియబెట్టాలి. చక్కెర తగ్గించిన కొలది అది గట్టిపడుతుంది. అట్టిదానిని వడ్డించుటకు ముందు మరికొంతసేపు వెలుపల ఉంచితే సరిపోతుంది.

పేరులో పెరుగున్నది గదా అని పెద్ద గిన్నె నింపుకొనడం వివేకం కాదు. చక్కెర ఉన్నది గదా అని పండుగనాడు సైతం ముట్టకుండుట అవసరం కాదు. కళాశాల వార్షికోత్సవ విందులలో తీపి పదార్థాలను నిర్ణయించే పెద్దలు చిన్న గిన్నెను, తాజా పండును ఎంచుకొంటే విద్యార్థులకు రుచితోపాటు మితాహారపు అలవాటును కూడా నేర్పినవారవుతారు.