వినడానికి టికెట్టు కొనాలా?

టోక్యో నగరంలోని షిబుయాలో 'లయన్' అని ఒక పాత కాఫీ హోటలుంది. 1926లో పెట్టారు, యుద్ధంలో కాలిపోతే 1950లో మళ్లీ కట్టారు. కుర్చీలన్నీ ఎత్తయిన స్పీకర్ల వైపే తిరిగి ఉంటాయి. మాట్లాడుకోకూడదు. కాఫీ చెప్పి బాహ్‌నో బీథోవెన్‌నో వింటూ కూర్చోవాలి, అంతే. జాజ్ సంగీతానికి ఇలాంటి హోటళ్లే ఆ దేశమంతటా వెలిశాయి. ఇచినోసెకిలో 1970లో తెరిచిన 'బేసీ' వాటిలో పేరుమోసింది. విదేశీ రికార్డు కొనడం, దాన్ని చక్కగా వినిపించే సామగ్రి కొనడం మామూలు జీతగాళ్ల తరం కాని రోజుల్లో పుట్టిన అలవాటిది. మన ఊళ్లలో ఒకప్పుడు పంచాయతీ రేడియో చుట్టూ జనం చేరిందీ అందుకే. ఇప్పుడా కరువు లేదు. లోకంలోని పాటలన్నీ జేబులోని ఫోన్లోనే ఉన్నాయి. అయినా లండన్ లాంటి నగరాల్లో, ఖరీదైన స్పీకర్ల ముందు కూర్చుని వినడానికే జనం డబ్బిచ్చి వెళుతున్నారు. ఆ డబ్బుకు దక్కేదేమిటి?

దక్కనిదేమిటో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో గొప్పలు ఎక్కువ. సీడీని మించిన 'హై రిజల్యూషన్' రికార్డింగు అంటూ ఊరించే ప్రకటనలు చూస్తుంటాం. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ 2007లో ప్రచురించిన పరీక్షలో అలాంటి రికార్డింగును ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి సీడీ నాణ్యతకు దించి వినిపించారు. ఏది ఏదో చెప్పమంటే 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులొచ్చాయి. నాణెం ఎగరేసినా దాదాపు అన్నే వస్తాయి. 2016లో జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కేస్తే 52.3 శాతం తేలింది. తేడా బొత్తిగా లేదనలేం గానీ, టికెట్టు కొనేంత తేడా కాదు. తీగల సంగతి ఇంకా అన్యాయం: స్పీకరుకు వెళ్లే కేబులు తగినంత లావుగా ఉంటే చాలు, దానికి వేలకు వేలు పోయడం దండగ. కాబట్టి 'మా కేబుళ్ల విలువ ఇంత' అని గొప్పగా చెప్పుకునే చోటికి వెళ్లనక్కర్లేదు.

అసలు తేడా స్పీకర్లలోనూ, గదిలోనూ ఉంటుంది. అందులోనూ గది గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 40 హెర్ట్జ్ దగ్గరి లోతైన ధ్వని తరంగం పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. మన ఇళ్లలో పన్నెండడుగుల గదులే ఎక్కువ. అంత దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గరి ధ్వని అటూ ఇటూ కొట్టుకుని, గోడల పక్కన ఉబ్బిపోయి, సరిగ్గా నడిమధ్యలో మాయమైపోతుంది. ఎంత ఖరీదైన స్పీకరు తెచ్చినా ఈ లెక్క మారదు. పెద్ద గది, ధ్వనిని తగినంత పీల్చుకునే గోడలు, స్పీకరుకూ కుర్చీకీ సరైన చోటు: ఇవన్నీ కుదిరినప్పుడే మృదంగం తొప్పి మీది దెబ్బ గదంతా గుయ్యిమనకుండా, దెబ్బగా వినిపిస్తుంది. అరచేతిలోని ఫోను స్పీకరు అంత కింది ధ్వనిని దాదాపు పలికించలేదు. హెడ్‌ఫోను పలికించగలదు గానీ ఆ దెబ్బ ఛాతీకి తగలదు. కాబట్టి గంటసేపటికి ఇచ్చే డబ్బు పరికరాలకు కాదు, గదికి అద్దె. గదిని కొనుక్కుని ఇంటికి తెచ్చుకోలేం గనుక ఆ అద్దె న్యాయమైనదే అని నా అభిప్రాయం.

ఇదంతా భ్రమ కావచ్చు కదా, ఖరీదు చూసి చెవి మోసపోతుంది కదా అని అడగవచ్చు. మోసపోతుంది. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో నిరూపించిందదే: స్పీకర్లు కంటికి కనిపిస్తున్నప్పుడు శ్రోతలు వేసిన మార్కులు, తెర చాటున ఉన్నప్పుడు వేసిన మార్కులు ఒకటి కావు. అయితే ఆ పరీక్షలోనే ఇంకో సంగతి బయటపడింది. స్పీకరును గదిలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చినప్పుడు వచ్చే తేడాను తెర చాటున విన్నప్పుడు బాగా పసిగట్టినవారే, కళ్లెదుట ఉన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. అంటే కన్ను కొంత భ్రమను కలిపినట్టే కొంత నిజాన్ని కప్పేసింది కూడా.

షోరూములో ఉచితంగా వినిపిస్తారుగా అంటారు. వినిపిస్తారు, కానీ అది కొనబోయేవాడి కోసం. పాటలు వాళ్లవే, పక్కన సేల్స్‌మన్ నిలబడి ఉంటాడు. టికెట్టు కొన్నవాడికి ఆ మొహమాటం ఉండదు. సినిమా హాల్లో అట్మాస్ ఉందిగా అంటే అదీ నిజమే. మనవాళ్లు మంచి సౌండున్న థియేటర్‌ను వెతుక్కుని మరీ వెళ్తారు, అంటే ధ్వనికి డబ్బివ్వడం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడి ధ్వని బొమ్మకు తోడు. ఇక గట్టిగా ఆలోచించాల్సిన అభ్యంతరం ఇంకొకటుంది: అక్కడ విని వచ్చాక ఇంట్లోది చప్పగా అనిపిస్తే? కొందరికి అనిపిస్తుంది. అప్పుల్లో పడేదీ అలాంటివాళ్లే. కానీ గదే ముఖ్యమని అక్కడ చెవులారా తెలుసుకున్నవాడు, లక్షలు పెట్టి కొత్త స్పీకర్లు తెచ్చేముందు ఉన్నవాటిని గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపి, కుర్చీని గది నడిమధ్య నుంచి తప్పించి చూస్తాడు. దానికి ఖర్చు లేదు.

వెళ్లదలిస్తే, రెండు మూడు సినిమా టికెట్ల ధర దాటనివ్వకండి. మనకు నచ్చిన పాట అడిగితే వేస్తారో లేదో ముందే కనుక్కోండి. ఘంటసాల కాలపు మోనో పాటలకు అంత పెద్ద సరంజామా వల్ల వచ్చే లాభం కొంతే, రికార్డులో లేనిది స్పీకరు పుట్టించలేదు. తంబుర, మృదంగం, వయొలిన్ విడివిడిగా పలికే ఈ కాలపు మంచి కచేరీ రికార్డింగు పట్టుకెళ్లండి. ధ్వని పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సినంతగా ఉంటే తగ్గించమని చెప్పండి. తగ్గించకపోతే లేచి వచ్చేయండి.