వేచియుండలేని బిడ్డ

వేసవి వచ్చిన దనిన మన కృష్ణామండలమున ఇంటింట నూజివీడు రసములు గడ్డిలో మాగుచుండును. "నాలుగు రోజులాగరా నాన్నా" అని తల్లి చెప్పును. పెద్దవాడు ఆగును. ఎనిమిదేండ్ల చిన్నవాడు పూటకొకమారు గడ్డి తొలగించి, కాయ నొక్కి చూచి, తుదకు పుల్లని దానినే కొరికివేయును. నాయనమ్మగారు ఆశపోతందురు. చుట్టములు తల్లి పెంపకమును తప్పుపట్టుదురు. మే మెరిగిన యొక విజయవాడ గృహమున ఇట్టి బాలుని వీపున వాతలు తేలినవి. వానికి ఎ.డి.హెచ్.డి., అనగా ఏకాగ్రత నిలువని అతిచాంచల్య మున్నదని వైద్యులు పిమ్మట నిర్ణయించిరి.

సోదరీమణులారా, ఇది పెంపకపు దోషము కాదు. మెదడు పెరుగుదలలోని భేదము, తరచు వంశానుగతము. 1992లో ఇంగ్లండున సోనుగా-బార్క్ అను మనశ్శాస్త్రజ్ఞుడును సహచరులును ఇట్టి బాలురకు, ఇప్పుడే చిన్న బహుమానమా, తాళినచో పెద్దదా యని ఎంపిక నిచ్చిరి. చిన్నదానిని కోరినచో పని త్వరగా ముగియునపుడు వారు దానినే కోరిరి. ఏది కోరినను పట్టుకాలము ఒక్కటే యైనపుడు తక్కిన పిల్లలవలెనే పెద్దదానిని కోరిరి. వారికి దుర్భరమైనది నిరీక్షణమే గాని, పెద్దఫలము విలువ తెలియక కాదు. ఆటిజము గల బిడ్డ చిక్కు వేరు కావచ్చును: "తరువాత" అను మాటకు కొలత యేది?

ఇక పెద్దల మాట. 2013లో అమెరికాలోని రాచెస్టరున 28 మంది సామాన్య శిశువులను పరీక్షించిరి. ముందుగా మాట తప్పిన పెద్దమనిషిని చూచినవారు రెండవ మిఠాయికై సగటున 3 నిమిషములు మాత్రమే ఆగిరి; మాట నిలుపుకొన్నవారిని చూచినవారు 12 నిమిషములు. బందరు లడ్డు పేర మన మెన్నిమారులు బొంకితిమో!

పై గృహమునందలి తల్లి యిపుడు దినమున కొక చింతగింజను పిల్లవానిచేతనే గిన్నెలో వేయించుచున్నది. నాలుగు గింజలైన నాడు పండు చేతబెట్టును, తప్పదు. నాలుగు దినములు వానికి మరీ దీర్ఘము గనుక, ముందు మాగిన చిన్నపండొకటి నడుమ నిచ్చును. గడియారము చూపక "కాసేపాగు" అనుట మానినది.

ఇట్టి లక్షణములను కనిపెట్టుట 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందును చేరియున్నది. అంగన్వాడీకి గాని సర్కారు బడికి గాని వచ్చు వైద్యబృందమును తల్లులు నిస్సంకోచముగ అడుగవచ్చును.

ఆ యింట గత వేసవిని నాల్గవ గింజ పడకమునుపే రెండు కాయలు పోయినవట. అంతకుముందు బుట్టెడు పోయెడివి.