యుద్ధశకటానికి అంటిన బురద

భారతం చదివినవారికి రెండు రథాలు జ్ఞాపకం ఉండకపోవు. ధర్మరాజు రథం నేలకు నాలుగంగుళాల మీద నడిచేదట. అశ్వత్థామ విషయంలో ఆయన నోట అసత్యం వెలువడిన క్షణాన అది నేలకు దిగినది. కర్ణుని రథమో, చక్రం భూమిలో కుంగి కదలక నిలిచినది. చిత్రించదగినది ఏదని అడిగితే రెండవదే అంటాను.

ప్లాస్టిక్ ముక్కలను అతికించి యుద్ధట్యాంకుల నమూనాలు నిర్మించే కళకు ఈ భేదం ప్రాణం. జపాను దేశపు టామియా సంస్థ 1960ల తొలినాళ్లలో పాంథర్ ట్యాంకు నమూనాను 35వ వంతు పరిమాణంలో వెలువరించినది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టడానికి కుదిరిన కొలత అది. క్రమంగా లోకమంతటా ప్రమాణమైనది. విశాఖ సముద్రతీరాన యుద్ధస్మారకం వద్ద విద్యార్థులు చూసే టి-55 ట్యాంకు జాతి బరువు 36 టన్నులు, ఫిరంగితో కలిపి పొడవు 9 మీటర్లు. 35వ వంతుకు దించితే సుమారు 26 సెంటీమీటర్లై బల్లమీద అమరుతుంది. అయితే శుభ్రంగా పచ్చరంగు పూసి ఊరుకుంటే ఆ 36 టన్నులూ ఎక్కడికో పోతాయి. ధర్మరాజు రథం వలె అది నేలనంటక తేలుతుంది. దానికి బరువునిచ్చేది బురద.

పూతల క్రమం మనకు కొత్త కాదు. కొండపల్లి కళాకారుడు తెల్లపొణికి బొమ్మకు ముందు సున్నం పూసి, తరువాతనే రంగులు దిద్దుతాడు. ఇక్కడా మొదట రంగును పట్టి నిలిపే పూత, దానిపైన అసలు రంగు. ఆ రంగును కొంచెం లేతగానే కలపవలె. చిన్న వస్తువుమీద ఏ రంగైనా ముదిరినట్లు కనిపిస్తుంది. నిగనిగలాడే వార్నీషు ఆరిన పిమ్మట పలుచని ముదురు గోధుమరంగు ద్రవం వదిలితే, అది మరల చుట్టూ, అతుకుల వెంట తానే పాకి నీడలు దిద్దుతుంది. కుంచెకున్న రంగును దాదాపు తుడిచివేసి అంచులమీద రాస్తే వెలుగు తగిలినట్లవుతుంది. బెల్జియం దేశస్థుడు ఫ్రాంస్వా వెర్లిండెన్ ఈ పద్ధతులకు వ్యాప్తి తెచ్చినవారిలో ముఖ్యుడు.

చిక్కంతా బురదతోనే. సీసాలలో అమ్మే బురద లేకపోలేదు గాని, పెద్దాపురంలో ఉండి మట్టిని కొనడం నాకు సమ్మతం కాదు. మెట్టకూ డెల్టాకూ పొలిమేర ఈ ఊరు. పాండవుల మెట్ట దాపున ఎర్రమట్టి. సామర్లకోట దాటి దక్షిణంగా పోతే నల్లని డెల్టామట్టి. ఏది తెచ్చినా ఎండబెట్టి నూరి, వైద్యులు చూర్ణాలను జల్లించినట్లు వస్త్రగాళితం చేయవలె. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ కొలతలో 35 మిల్లీమీటర్ల కంకరరాయి! లెక్కల మాస్టారు నిష్పత్తుల పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు. ఆ పొడిని జిగురుతో కలిపితే బురద సిద్ధం.

ఎక్కడ పూయవలె? దీనికి గురువు, దమ్ము చేసి అప్పుడే గట్టెక్కిన ట్రాక్టరు. దాని చక్రాల దగ్గర తడిబురద ముదురురంగున మెరుస్తుంటుంది. నిన్నటి బురద ఎండి, వెలిసి, బీటలువారి పెళ్లలుగా రాలుతుంటుంది. ముందుభాగాన చిమ్మిన చుక్కలు, డ్రైవరు కాలు మోపేచోట పాదాల మరకలు. ట్యాంకుకూ ఇదే న్యాయం. అడుగుభాగాన మందపు బురద, పైన తిరిగే బురుజుమీద ధూళి మాత్రమే. ఇనుపపట్టాల సందులలో మట్టి కూరుకొని ఉంటుంది. నేలతో రాపాడే మిట్టలు మాత్రం లోహకాంతితో మెరుస్తాయి. ఒకే బురదను ఒకే మందాన అంతటా మెత్తేవారిని చూస్తే, గేదెను గుంటలోనుంచి తోలుకొచ్చినట్లున్నదని అనిపిస్తుంది.

యుద్ధంలో బురద అలంకారం కాదు. 1917లో బెల్జియంలోని పాషెండేల్ రణభూమిలో బ్రిటిషు ట్యాంకులెన్నో దిగబడి అక్కడే మిగిలిపోయినవి. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేంకరణ్ సమీపాన, అసల్ ఉత్తర్ వద్ద, నీరు నిండిన పొలాలలో పాకిస్తాను ప్యాటన్ ట్యాంకులు కూరుకుపోయినవి. వాటిలో కొన్నింటిని సిబ్బంది విడిచిపోయారు. ఆ ప్యాటన్‌ను నిర్మించదలచిన విద్యార్థి రంగులు తెరవకముందే అడుగవలసినవి ఉన్నవి: ఏ పొలం, ఏ మాసం, నీరు నిలిచి ఎన్నాళ్లయినది? ఎండిన ఇసుకధూళి దానికి చెల్లదు. పట్టాల పైఅంచుదాకా తడిబురద ఎక్కవలె. చివరగా, తెరిచిన మూత దగ్గరనుంచి కిందికి దిగిన బూటుగుర్తులు సన్నని కుంచెతో వేయవలె. తిరిగి ఎక్కిన గుర్తులు వేయకూడదు.