మీకు తెలుసా? స్లేటుకు ఎన్ని పలకలో!

గిద్దలూరులో గుంటూరు వైపు రైలెక్కితే కంభం, తర్లుపాడు దాటాక మార్కాపురం రోడ్ వస్తుంది. మనచేత ‘అ ఆ’లు దిద్దించిన పలకల ఊరు అదే. పలక రాయి అంచున ఉలి పెట్టి చిన్నగా కొడితే పుస్తకంలో పేజీల్లా పొరలు విడిపోతాయి. ఇంగ్లిష్ ‘స్లేట్’ పుట్టిందీ ఆ గుణంలోంచే. దాని మూలమైన పాత ఫ్రెంచి మాటకు పెచ్చు, చీలిక అని అర్థం.

బ్రిటన్‌లో ‘ఆన్ ద స్లేట్’ అంటే మన కిరాణా కొట్టు ఖాతా, అచ్చంగా అరువే. అక్కడి పత్రిక ఓ నాటకాన్ని ‘స్లేట్’ చేసిందంటే చీల్చి చెండాడిందని. అమెరికాలో మీటింగు రేపటికి ‘స్లేటెడ్’ అంటే ఖరారైనట్టు. ఎన్నికల్లో స్లేటంటే ఒకే ప్యానెల్ అభ్యర్థుల జాబితా. షూటింగులో కొట్టే క్లాప్ బోర్డూ స్లేటే. ‘క్లీన్ స్లేట్’ అర్థం మాత్రం మనకెవరూ చెప్పక్కర్లేదు. ఉమ్మి తడితో తుడిచి, గాల్లో ఊపి ఆరబెట్టినవాళ్లమే కదా!

మన ‘పలక’ తక్కువదేం కాదు. డప్పునూ పలకంటాం. పెన్సిలుకు ఆరు పలకలు. అన్నట్టు, మార్కాపురం పలక రాతి పొరలకు భూగర్భ శాస్త్రంలో పేరు ‘కంభం ఫార్మేషన్’.