రెండు రంగుల నేల థైమ్

థైమ్ అనగానే వంటింటి సీసాలోని ఎండు ఆకే గుర్తుకు వస్తుంది. అయితే ఈ జాతిలోనే నేలను విడిచి జానెడు ఎత్తు కూడా లేవని మొక్కలున్నాయి. ఇంగ్లండులో బాట రాళ్ళ సందుల్లో, ఎండ తగిలే మెట్ల అంచుల్లో చాపలా పరచుకునేవి ఇవే. కెంట్ ప్రాంతంలోని సిస్సింగ్‌హర్స్ట్‌ను 1930లో కొన్న రచయిత్రి వీటా సాక్‌విల్-వెస్ట్, ఆ తోటలో ఒకచోట గడ్డికి బదులుగా థైమ్‌నే పరిపించారు.

వీటిలో రెండు రంగుల ఆకులున్న రకాల అందమే వేరు. 'డూన్ వ్యాలీ' ఆకులపై పసుపు మచ్చలుంటాయి. నలిపితే నిమ్మ వాసన వస్తుంది. 'హార్టింగ్టన్ సిల్వర్' ఆకులకు మీగడ రంగు అంచులుంటాయి.

ఆ అందమే వాటి బలహీనత కూడా. ఆకులో పత్రహరితం లేని భాగం ఆహారాన్ని తయారు చేయలేదు. అందువల్ల మొక్క నిదానంగా పెరుగుతుంది. అప్పుడప్పుడు అదే మొక్క నుంచి పూర్తిగా పచ్చని కొమ్మ ఒకటి పుట్టుకొస్తుంది. దాని ఏపు చూసి ముచ్చటపడకండి! ఉపేక్షిస్తే అది మిగతా కొమ్మలను కమ్మేస్తుంది. చివరకు రంగుల మొక్క స్థానంలో మామూలు థైమ్ మిగులుతుంది. కనబడిన రోజే దాన్ని మొదలంటా కత్తిరించాలి. చివరలు తుంచితే చాలదు. విత్తనాలతో ఈ రంగులు నిలవవు గనుక, కొత్త మొక్కలను కొమ్మల నుంచో, వేళ్ళు పట్టిన ముక్కల నుంచో పెంచాలి.

చలి కంటే తడి ఈ మొక్కకు ఎక్కువ హాని చేస్తుంది. బంకమట్టిలో గులకరాళ్ళు కలిపి, మడిని కాస్త ఎత్తు చేయాలి. ఎరువు అక్కర్లేదు, ఎక్కువైతే కొమ్మలు సాగి వాలిపోతాయి. పూలు రాలాక పైపైన కత్తిరించాలి, కానీ ఆకులు లేని ముదురు కాడ వరకు వెళ్ళకూడదు. అక్కడి నుంచి చిగురు రావడం కష్టం. పూల కాలంలో తేనెటీగలు మూగుతాయి కాబట్టి పిల్లలను చెప్పులు లేకుండా దానిపై నడవనివ్వకండి.

మన దేశంలో కాశ్మీరు నుంచి కుమావూ వరకు హిమాలయాలలో అడవి థైమ్ సహజంగానే పెరుగుతుంది. యూనానీ వైద్యులు థైమ్‌ను 'హాషా' అంటారు. మన మైదానాలలో మాత్రం వానాకాలపు తేమకు వేళ్ళు కుళ్ళుతాయి. తప్పక పెంచాలనుకుంటే, అడుగున రంధ్రమున్న వెడల్పాటి మట్టికుండీలో ఇసుక పాలు ఎక్కువగా వేసి నాటండి. వానలు మొదలవగానే కుండీని వెలుతురు బాగా తగిలే చూరు కిందికి మార్చి, పైమట్టి పూర్తిగా ఆరాకే నీళ్ళు పోయండి.