పేరు గుత్తిది, ఇల్లు అడవిది

పరభాషలో చేరిన మాట ఒక్కొక్కప్పుడు దారి తప్పును. మన పందికొక్కు ఆంగ్లమున ‘బాండికూట్’ అయి, ఆస్ట్రేలియా చేరి, ఎలుకలతో ఏ చుట్టరికమును లేని సంచిజంతువునకు పేరైనది.

అనంతపురం జిల్లాలోని మన గుత్తికిని ఇట్టి కథయే కలదు. ఇచట దొరికిన నీలిరంగు సాలీడును 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. ఆంగ్లమున దానిని ‘గూటీ సఫైర్’, అనగా గుత్తి నీలమణి, అందురు. కాని దాని నివాసము నంద్యాల, గిద్దలూరుల నడిమి అడవి. రైలులో కట్టెలతోపాటు గుత్తికి వచ్చియుండునని శాస్త్రజ్ఞుల ఊహ.

అడవి తరుగుటచే నేడా జీవికి అంతరించు ప్రమాదము దాపురించినది. పేరును నమ్మి గుత్తి కొండలలో వెదకిన ఫలము లేదు. మనము కాపాడుకొనవలసినది ఆ అడవిని.