సిపాయి ఇంటికి వచ్చాక



పోయిన ఆగస్టు 15న జెండా వందనానికి పక్క ఊరి మిలటరీ తాతగారిని పిలిచిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. హెడ్మాస్టారు ఆయనకు శాలువా కప్పారు. మనం చప్పట్లు కొట్టాం. "ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండర్రా" అన్నారు. ముందు వరసలోంచి ఒకడు లేచి, "తాతగారూ, మీరు యుద్ధంలో ఎంతమందిని చంపారు?" అని అడిగాడు. ఆయనకు సరిగా వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. వాడు ఇంకా గట్టిగా అరిచి అడిగాడు. తాతగారు ఏమీ చెప్పలేదు. కాసేపు జెండా కర్ర వైపు చూసి కూర్చుండిపోయారు. మనలో కొంతమంది నవ్వారు.

ఆ అడిగినవాణ్ణి నేనే. ఈ వ్యాసం రాయటానికి కారణం కూడా అదే.

దసరా సెలవుల్లో ఆయన ఇంటికి వెళ్లాను. క్షమించమని అడుగుదామనుకున్నాను గాని నోట మాట రాలేదు. ఆయన జీడితోటలో ఎండుకొమ్మలు కొడుతున్నారు. నన్ను గుర్తుపట్టి, "ఏటి బావూ, ఇలగొచ్చినావు? అన్నం తిన్నావా?" అన్నారు. తర్వాత ఆయనే చెప్పారు. "ఆ మాట నన్ను శానామంది అడిగినారు. సుట్టాలు అడిగినారు, బస్సులో పక్కోళ్లు అడిగినారు. నువ్వెలగున్నావు అని అడిగినోళ్లే తక్కువ."

ఆయన చెప్పింది కొంత, సోషల్ మాస్టారు చెప్పింది కొంత, పుస్తకాల్లో చదివింది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నాను.

లెక్కలోకి వచ్చేవాళ్లు, రానివాళ్లు

యుద్ధం అనగానే మనకు గెలుపు, ఓటమి గుర్తుకొస్తాయి. పరీక్షలో సంవత్సరాలు అడుగుతారు, రాస్తాం. మనుషుల లెక్క మాత్రం ఎవరూ అడగరు.

మొదటి ప్రపంచ యుద్ధానికి (1914-18) మన దేశం నుంచి 13 లక్షలకు పైగా వెళ్లారు. సుమారు 74 వేలమంది తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో (1939-45) సుమారు 25 లక్షలమంది సైన్యంలో చేరారు, 87 వేలమంది చనిపోయారు. 1999 కార్గిల్ యుద్ధంలో 527 మంది చనిపోతే, 1,300 మందికి పైగా గాయపడ్డారు. అంటే చనిపోయిన ప్రతి ఒక్కరికీ గాయాలతో బతికినవాళ్లు ఇద్దరికి పైనే ఉన్నారు. చనిపోయినవారి పేర్లు రాతి మీద చెక్కుతారు. గాయపడినవారు ఊళ్లకు వచ్చేసి మన మధ్యనే తిరుగుతుంటారు.

విశాఖపట్నం ఎక్స్‌కర్షన్‌కి వెళ్లినప్పుడు బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర ఫొటోలు తీసుకున్నాం కదా. అది 1971 యుద్ధం గుర్తుగా 1996లో కట్టినది. ఆ యుద్ధం మొదలైన రోజుల్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. అందులోని సుమారు 90 మంది నావికుల్లో ఒక్కరూ బతకలేదు. మరికొద్ది రోజులకే, డిసెంబరు 9న, మన నౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి ముంచేసింది. మనవాళ్లు 190 మందికి పైగా పోయారు. రెండు చోట్లా నీళ్లలో పోయినవాళ్లు తల్లులు కన్న బిడ్డలే.

యుద్ధం సిపాయిలతోనే ఆగదు. అప్పట్లో మన తీరం ఊళ్ల నుంచి వేలమంది బర్మా వెళ్లి రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ కూలి చేసుకునేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది భారతీయులు పిల్లాపాపల్తో అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. ఆకలి, కలరా, మలేరియాలతో దారిలోనే వేలమంది పోయారు. బతికి వచ్చినవాళ్లకు ఇక్కడా బాంబులే ఎదురయ్యాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా జపాన్ బాంబులు వేసింది. వాళ్ల చేతిలో తుపాకి లేదు, ఒంటి మీద యూనిఫాం లేదు. అయినా యుద్ధం వాళ్లను వదల్లేదు.

చెవికి తగిలిన దెబ్బ, మనసుకి తగిలిన దెబ్బ

తాతగారికి కుడి చెవి పని చెయ్యదు. దగ్గర్లో షెల్ పేలిన దగ్గర్నుంచి అంతే. సైన్సు మాస్టారు చెప్పారు: లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయట. పెద్ద శబ్దానికి అవి చచ్చిపోతే మళ్లీ మొలవవట. అందుకే ఆయన మన ప్రశ్న రెండుసార్లు అడిగించుకున్నారు. మనం దాన్ని చూసి నవ్వాం.

ఇంకో దెబ్బ బయటకి కనిపించదు. దీపావళి రాత్రి తాతగారు తలుపు వేసుకుని లోపలే కూర్చుంటారు. "మిలటరీ వోడు టపాకాయలికి బయపడతాడట" అని ఊళ్లో నవ్వుకుంటారు. నేనూ నవ్వాను.

ఇది పిరికితనం కాదు. మనకు తెలిసిన సంగతితోనే చెప్తాను. కొండ దారిలో ఎలుగుబంటి ఎదురైందనుకోండి. గుండె దడదడా కొట్టుకుంటుంది, చెమటలు పడతాయి, కాళ్లు పరుగుకి సిద్ధమవుతాయి. ఎలుగు వెళ్లిపోయాక కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. కాని నెలల తరబడి ప్రతి పొద చాటునా ఎలుగుబంటి ఉందేమోనని బతికితే? అప్పుడు ఒళ్లు ఆ భయాన్ని అలవాటు చేసుకుంటుంది. ఎలుగు లేకపోయినా ఆకు కదిలితే చాలు, గుండె మళ్లీ అలాగే కొట్టుకుంటుంది. నిద్ర పట్టదు. పడితే పీడకలలు. ఊరికే కోపం వస్తుంది. కొంతమంది మందుకి అలవాటు పడతారు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి దీన్ని 'షెల్ షాక్' అన్నారు గాని జబ్బుగా చూసినవాళ్లు తక్కువ. పారిపోయారనీ, పిరికివాళ్లనీ నేరం మోపి బ్రిటిష్ సైన్యం తన సొంత సైనికులనే మూడువందల మందికి పైగా కాల్చి చంపింది. వాళ్లలో ఈ జబ్బుతో బాధపడ్డవాళ్లు కూడా ఉన్నారు. 2006లో బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లకు క్షమాభిక్ష ప్రకటించింది. అప్పటికి 90 ఏళ్లు గడిచిపోయాయి. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికా సైనికుల బాధలు చూశాక, 1980లో అక్కడి మానసిక వైద్యులు దీనికి 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరు పెట్టి జబ్బుల జాబితాలో చేర్చారు. దీనికి వైద్యం ఉంది. మందులున్నాయి, డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడే పద్ధతులున్నాయి. అయితే ముందు ఇది జబ్బని ఇంట్లోవాళ్లకి, ఊళ్లోవాళ్లకి తెలియాలి.

ఓడ దిగినప్పుడు

తాతగారు వెళ్లింది శ్రీలంకకి. 1987 జూలై 29న మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. శాంతి కాపాడటానికని మన సైన్యం వెళ్లింది. అక్టోబరు వచ్చేసరికి ఎల్‌టీటీఈతో యుద్ధమే మొదలైంది. రెండున్నరేళ్లలో మన సైనికులు 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడి తమిళ ప్రజలు కూడా చాలామంది చనిపోయారు. అందుకని తమిళనాడులో కోపం ఉండేది. 1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు.

జనం కోపం ఉత్తినే రాలేదు, అది ఒప్పుకోవాలి. కాని సైన్యాన్ని పంపాలని నిర్ణయించింది పెద్దలు. ఆ నిర్ణయాన్ని మోసింది జవాను. యుద్ధం తప్పా ఒప్పా అని వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. ఆ తప్పు తెచ్చి తిరిగొచ్చిన మనిషి నెత్తిన పెట్టకూడదు.

"మమ్మల్ని తిట్టినోళ్లు లేరు, మెచ్చుకున్నోళ్లు లేరు" అన్నారు తాతగారు. "ఓడ దిగినాం, రైలెక్కినాం, ఊరొచ్చినాం. సిలోనులో యుద్దం జరిగినట్టే ఊళ్లో ఎవుడికీ తెల్దు."

చనిపోయిన ఆయన స్నేహితుల పేర్లు ఇప్పుడు ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం మీద ఉన్నాయి. ఆ మాట నేను చెప్తే తాతగారు చాలాసేపు మాట్లాడలేదు.

ముప్పై ఏడేళ్లకే రిటైరు

మన మాస్టార్లు అరవై దాటేదాకా ఉద్యోగం చేస్తారు. జవాను అలా కాదు. తాతగారు 20 ఏళ్లకి చేరి, 17 ఏళ్లు చేసి, 37 ఏళ్లకి ఇంటికి వచ్చేశారు. అప్పటికి పిల్లలు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నారు. పింఛను ఒక్కదాంతో గడవక విశాఖలో ఒక అపార్టుమెంటుకి రాత్రి కాపలా ఉన్నారు. ఊళ్లోవాళ్లు మాత్రం "నీకేటి, మిలటరీ పింఛను" అంటారు. మిలటరీ కేంటీన్ సీసా తెచ్చిపెట్టమని అడగటానికైతే అందరూ వస్తారు.

జవానుకి పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసినా ముందు రిటైరైనవాళ్లకి తక్కువ, తర్వాత రిటైరైనవాళ్లకి ఎక్కువ పింఛను వచ్చేది. 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' కోసం మాజీ సైనికులు 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మెడల్స్ పెట్టుకుని కూర్చున్నారు. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం ఒప్పుకుని, 2014 జూలై 1 నుంచి వర్తిస్తుందని ప్రకటించింది. దేశం కోసం పోరాడినవాళ్లు పింఛను కోసం కూడా పోరాడాల్సి వచ్చింది.

2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. ప్రకటించినప్పటి నియమం ప్రకారం అగ్నివీరుడికి నాలుగేళ్ల సర్వీసు. నూటికి 25 మంది వరకు ఉంచుకుంటారు. మిగతావాళ్లు సుమారు 11 లక్షల 70 వేల రూపాయలతో ఇంటికి వస్తారు, పింఛను ఉండదు. మన హాస్టల్లో తెల్లారగట్ల రన్నింగ్ చేసే అన్నలందరూ ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. ఆ నాలుగేళ్ల తర్వాత ఏం చెయ్యాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

పోయినవారికి దండ, ఉన్నవారికి?

మన విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చనిపోయారు. ఆ రోజు మనవాళ్లు 20 మంది పోయారు. 2025 మే నెలలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ, అగ్నివీరుడు మురళీ నాయక్ కశ్మీర్ సరిహద్దు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. వాళ్ల కోసం రాష్ట్రమంతా ఏడ్చింది. అది న్యాయమే.

జార్ఖండ్‌లో గుమ్లా జిల్లా జారి గ్రామానికి చెందిన ఆల్బర్ట్ ఎక్కా కూడా మనలాంటి గిరిజనుడే, ఒరాన్ తెగవాడు. 1971 డిసెంబరులో గంగాసాగర్ పోరులో గాయాలతోనే శత్రువుల మెషిన్‌గన్లను ఆపి చనిపోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఇంటి దగ్గర భార్య, పసి కొడుకు మిగిలారు. ఆయన్ను త్రిపురలోనే ఖననం చేశారు. ఆ సమాధి మట్టి ఆయన ఊరు చేరటానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. అంత పెద్ద పతకం ఇచ్చిన దేశానికే ఇల్లు గుర్తుపెట్టుకోవటం అంత కష్టమైతే, పతకం లేని సిపాయి మాట ఏమిటి?

మనం చెయ్యగలిగింది

పెద్ద పనులు పెద్దలు చెయ్యాలి. మన చేతిలో ఉన్నవి ఇవి.

ఒకటి. "ఎంతమందిని చంపారు" అని ఎవరినీ అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినాలి. చెప్పకపోతే ఊరుకోవాలి.

రెండు. దీపావళికి వాళ్ల గుమ్మం ముందు బాంబులు కాల్చొద్దు.

మూడు. పింఛనుదారు ఏటా తాను బతికే ఉన్నానని ధృవీకరించాలి. ఇప్పుడది కంప్యూటర్లో వేలిముద్ర వేసి చేస్తున్నారు. తోటపనికి అరిగిపోయిన వేళ్ల ముద్ర మిషను పట్టదు. తాతగారు రెండుసార్లు తిరిగొచ్చేశారు. సెలవులకి వెళ్లినప్పుడు మన ఊళ్లో అలాంటివాళ్లుంటే తోడు వెళ్దాం, కాగితాలు చదివి పెడదాం. జిల్లా కేంద్రంలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుందని చెప్దాం.

నాలుగు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు వచ్చే చందా గాయపడ్డ సైనికులకీ, వాళ్ల కుటుంబాలకీ వెళ్తుంది. మనం ఇచ్చే రెండు రూపాయలైనా ఎందుకు ఇస్తున్నామో తెలిసి ఇద్దాం.

ఆఖరుగా వార్డెన్ గారికి ఒక మనవి. ఆగస్టు 15న తాతగారికి శాలువా కప్పాం, ఎండలో నడిపించి పంపేశాం. భోజనం పెట్టలేదు. జనవరి 26కి మళ్లీ పిలవండి సార్. ఈసారి మనతో పాటు మెస్సులో కూర్చుని తిని వెళ్తారు. నా కంచం ఆయన ఎడమ పక్కన పెట్టుకుంటాను. ఆ చెవి వినపడుతుంది.

పదో తరగతి, 'బి' సెక్షన్ విద్యార్థి